మెయిసీ యెరిగిన దేమి?

హెన్రీ జేమ్సు అను గ్రంథకర్త ఆంగ్లమున రచించిన ‘వాట్ మెయిసీ న్యూ’ అను నవల 1897వ సంవత్సరమున వెలువడినది. మెయిసీ యను బాలిక యెరిగిన దేమి యనునదే యా పేరున కర్థము. నూటయిరువది యేండ్లకు పైబడిన యీ గ్రంథమును మే మిప్పుడు విమర్శకు తీసికొనుటకు కారణము సాహిత్యాభిమాన మొక్కటియే కాదు. తలిదండ్రులు విడిపోయి, బిడ్డకొరకును సొత్తుకొరకును న్యాయస్థానమున పోరాడుచుండగా, ఆ పోరు తెగువరకు బిడ్డ యెట్లు బ్రతుకును అను ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన కథ మా చదువులో వేరొకటి తగులలేదు. ఆ ప్రశ్న యొకప్పుడు లండను నగరపు ధనికుల యిండ్లది. నేడది మన వీధిలోనిది, మన బంధువులలోనిది. మా వంటి యుపాధ్యాయులకు తరగతిగదిలోనిది.

వకీళ్ళు ‘ఇంటెరిం ఆర్డరు’ అను మాట నేడు చట్టము చదువని గృహిణులకు గూడ తెలియును. దావా తుదితీర్పునకు వచ్చుటకు నెలలు పట్టవచ్చును, ఏండ్లు పట్టవచ్చును. అందాక బిడ్డ యెవరియొద్ద నుండవలెను? రెండవవారు ఏ దినమున వచ్చి ఎన్ని గంటలు చూచిపోవలెను? బడిజీతము నెవరు కట్టవలెను? ఇంటిలో నెవరుండవలెను? పుట్టింటివారు పెట్టిన బంగారము ఎవరి పెట్టెలో నుండవలెను? వీని కన్నింటికిని, ‘అప్పటికి మాత్రమే’ యని చెప్పి కోర్టువారిచ్చు ఆజ్ఞ యిది. మేము దీనిని మధ్యంతరాజ్ఞ యందుము. చట్టము దృష్టిలో నిది రైలుకొరకు వేచియుండువాడు కూర్చుండు బల్లవంటిది. ఆ బల్లమీద నెవరును కాపురము చేయరు. కాని ఆరేండ్ల బిడ్డకు రెండేండ్లు వేచియుండుట యనగా, తన యెరుకగల జీవితములో సగము. పెద్దలకు నడిమికాలమైనది బిడ్డకు బాల్యమే. జేమ్సు నవలను చదివి మేము గ్రహించిన ముఖ్యవిషయ మిదియే. తక్కిన దంతయు దీనికి వివరణము.

కథారంభమే యొక కోర్టు తీర్పు. బీల్ ఫారంజి, ఐడా అను దంపతులు విడాకులు పొందిరి. ఇరువురి నడవడియు సభలో బయటపడినది. ఎవరికిని పరువు మిగులలేదు. అయినను బిడ్డ తండ్రికి చెందవలెనని తీర్పైనది. తల్లి తండ్రికంటె చెడ్డదని ఋజువగుటచేత కాదు. మచ్చ స్త్రీముఖమున నెక్కువగా కనబడును గనుక నని గ్రంథకర్త వ్యంగ్యముగా సూచించును. ఆ తీర్పునకు తోకగా నొక షరతు కలదు. బిడ్డ పోషణకొరకై తల్లి మూడేండ్లక్రిందట ఇచ్చిన 2,600 పౌనులను తండ్రి తిరిగి చెల్లింపవలెను. ఆ ధనమేమైనదో ఆయన లెక్క చెప్పలేడు. మరల తెచ్చి యీయను లేడు. అప్పుడు తండ్రి వకీళ్ళొక రాజీని సూచించిరి. తల్లి వకీళ్ళు సమ్మతించిరి. బాకీ మాఫీ యైనది. బిడ్డ ఆరునెలలు తండ్రియొద్దను, ఆరునెలలు తల్లియొద్దను వంతులవారీగా నుండవలెనని నిశ్చయమైనది.

చదువరులిచ్చట నొక్కక్షణ మాగవలెను. 2,600 పౌనులు చెల్లింపలేని తండ్రి సగము బిడ్డను చెల్లించెను. సొత్తు వ్యాజ్యమును బిడ్డ వ్యాజ్యమును ఒకే పలకమీద వేసి కూడి తీసివేసిన లెక్క యిది. జేమ్సు దీనిని సొలొమోను తీర్పుతో పోల్చెను. ఆ బైబిలు గాథలో ఇద్దరు స్త్రీలొక శిశువుకొరకు తగవులాడగా, రాజు బిడ్డను రెండుగా నరుకుమనెను. కన్నతల్లి వలదని మొరపెట్టి, బిడ్డను రెండవదానికే యిచ్చివేయుమనెను. అందుచే నామెయే తల్లియని తేలినది. అచ్చట కత్తి పరీక్షకొరకు ఎత్తబడినది. ఇచ్చట కత్తి నిజముగా దిగినది; వలదని మొరపెట్టినవారు లేరు. మరియొక చిన్నవివరము గూడ గమనింపదగినది. తండ్రివైపు బంధువగు నొక యామె తాను చనిపోవునపుడు మెయిసీ పేర కొంత ధనము విడిచెను. ఆ ధనముపై వచ్చు రాబడిని మాత్రమే తలిదండ్రులు వాడుకొనగలరు గాని, మొదలు ముట్టరాదని ముందుచూపుతో కట్టడిచేసెను. మొదటి సొమ్మునకు గల కాపుదల ఆ బిడ్డకు లేకపోయెను.

ఇట్టి తీర్పు గ్రంథకర్త యూహ మాత్రమే కాదు. దాని వెనుక అరువదియేండ్ల ఆంగ్లచట్టచరిత్ర కలదు. 1836లో జార్జి నార్టను అనునతడు తన భార్య కారొలైనుపై అపవాదు మోపి, నాటి ప్రధానమంత్రియగు మెల్బోర్ను ప్రభువుమీద దావా తెచ్చి యోడిపోయెను. ఓడినను ముగ్గురు కుమారులును తండ్రివశముననే యుండిరి. ఆనాటి చట్టమున తండ్రి బ్రదికియుండగా తల్లికి బిడ్డలపై హక్కు లేదు. ఆమె గ్రంథములు వ్రాసి సంపాదించిన ధనము గూడ చట్టము ప్రకారము భర్తదే. ఆమె కరపత్రములు వ్రాసి, పార్లమెంటు సభ్యుల నాశ్రయించి పోరాడగా 1839లో నొక చట్టమైనది: ఏడేండ్లలోపు బిడ్డల సంరక్షణకొరకు తల్లి కోర్టును అర్థింపవచ్చును. అంతలో నార్టను బిడ్డలను స్కాట్లండునకు తరలించెను; అచ్చట ఆంగ్లచట్టము చెల్లదు. 1842లో చిన్నకుమారుడు గుర్రముమీదనుండి పడి, ఆ గాయముతో మరణించెను. దేశమందలి తల్లులందరికిని మేలుచేసిన చట్టము ఆ తల్లికి వేళకు అక్కరకు రాలేదు.

ఆపై 1857లో ఇంగ్లండున విడాకుల న్యాయస్థాన మేర్పడినది. తుది డిక్రీకి ముందు బిడ్డల సంరక్షణ, పోషణ, విద్యలగూర్చి అప్పటప్పట న్యాయమని తోచిన మధ్యంతరాజ్ఞల నీయవచ్చునని ఆ చట్టము కోర్టునకు అధికారమిచ్చెను. 1873లో తల్లి యర్థింపదగిన బిడ్డల వయస్సు పదునారేండ్లకు పెరిగెను. 1886లో బిడ్డ క్షేమమును గూడ చూడవలెనను మాట చట్టమున చేరెను. విడాకులు పొందిన దంపతుల బిడ్డ యొకతె గతినిగూర్చి యెవరో చెప్పగా వినిన మాటయే తన నవలకు బీజమని జేమ్సు 1908 నాటి పీఠికలో చెప్పుకొనెను. చట్టము వాకిలి తెరచిన తరువాత, ఆ వాకిట నిలిచియున్న బిడ్డ ఆయన కంటబడినదని మేమందుము.

ఆ 1857 నాటి వాక్యము సముద్రము దాటి వచ్చినది. 1955 నాటి హిందూ వివాహ చట్టములోని 26వ సెక్షను చదివిన వారికి, ‘అప్పటప్పట’, ‘న్యాయమని తోచిన’ అను ఆ పలుకులే వినబడును. సంరక్షణ, పోషణ, విద్య యను మూడు మాటలును అవియే. మనవారు చేర్చినది యొక్కటి: సాధ్యమైనంతవరకు బిడ్డల యిష్టము ననుసరింపవలెనని. ఇది మంచి చేర్పు. దీనినిగూర్చి పిదప చెప్పుదుము. దీనికి ముందే, 1890 నాటి సంరక్షకుల చట్టములోని 12వ సెక్షను మైనరుయొక్క శరీరమునకును ఆస్తికిని మధ్యంతరరక్షణ నేర్పరచినది. శరీరమును ఆస్తియు ఒకే సెక్షనులో ప్రక్కప్రక్కనే యున్నవి. తప్పు కాదు, బిడ్డకు రెండును కావలసినవే. కాని ఆ పొరుగు అపాయకరమైనది.

ఆ యపాయమెట్టిదో మన కుటుంబ న్యాయస్థానముల వసారాలలో కొన్ని దినములు కూర్చుండిన వారికి తెలియును. 1984 నాటి చట్టముచే నేర్పడిన యీ కోర్టులు భార్యాభర్తల ఆస్తి తగవును బిడ్డ తగవును ఒకే కప్పుక్రింద విచారింపవలెనని వెలసినవి. దావా నడచుచుండగా నిలువనీడలేని వారికి 24వ సెక్షను మనోవర్తి నిప్పించును. పెండ్లినాడు వచ్చిన ఉమ్మడి వస్తువులనుగూర్చి 27వ సెక్షను తీర్పు చెప్పనిచ్చును. నోటీసు అందినది మొదలు 60 దినములలో మనోవర్తి అర్జీని, బిడ్డల పోషణార్జీని సాధ్యమైనంతవరకు తీర్చవలెనని 2001లో సవరణ వచ్చెను. ఉభయులును తమ ఆస్తులను అప్పులను ప్రమాణపత్రముపై బయటపెట్టవలెనని 2020లో సుప్రీంకోర్టు రజ్నేష్, నేహా అనువారి వ్యాజ్యమున నిర్దేశించెను. ఇన్ని మంచి కట్టడులున్నను వసారాలో వినబడునది యొక్కటే పాట: “మనోవర్తి రాలేదు, బిడ్డను చూపను”, “బిడ్డను చూపలేదు, మనోవర్తి ఈయను.” చట్టప్రకారమీ రెండును వేర్వేరు ఋణములు, ఒకటి తీరలేదని రెండవది మానరాదు. రెండును తీరవలసినది బిడ్డకే. అయినను తలిదండ్రుల మనస్సులో నవి త్రాసు యొక్క రెండు తట్టలు. ఇది ఫారంజి దంపతుల 2,600 పౌనుల బేరము గాక మరేమి?

ఇక నవలయందలి శిల్పమును చూతము. కథ యంతయు మెయిసీ కన్నులకు కనబడినంతవరకే చెప్పబడినది. పెద్దల మాటలు ఆమెకు వినబడును. వాని యర్థము సగమే తెలియును. మిగిలిన సగము చదువరి గ్రహించి సిగ్గుపడవలెను. వంతు మారునపుడెల్ల ఆమె తిట్లను మోసికొనిపోవు జాబుసంచి యగును. తండ్రి పంపిన దూషణమును పొల్లుపోకుండ తల్లికి వినిపించును. అది జాబనియే గాని తిట్టని యామె యెరుగదు. తల్లి వ్రాసిన జాబులను తండ్రి బిడ్డ యెదుటనే ఆడించి చూపి నిప్పులో పడవేయును. అది వేడుకయని యామె నవ్వును. పిదప నొకనాడామెకు బోధపడెను. తాను మోయుచున్నది విషమని తెలిసికొని, ఆనాటినుండి ఎవరేమన్నను మరచినట్లు, ఎవరేమడిగినను తెలియనట్లు నుండ నేర్చెను. తలిదండ్రులిరువురును ఆమెను మందమతి యనిరి. ఆ నింద ఆమెకు సంతోషము గలిగించెను. ఎందుచేతననగా, తన యుపాయము పారినది.

ఈ ఘట్టమును మేము కళాశాలలో చదివినపుడు చమత్కారమని మెచ్చుకొంటిమి. ఉపాధ్యాయులమైన పిదప దాని నిజమును మరియొక విధమున నేర్చుకొంటిమి. కొన్ని యేండ్లక్రిందట మా తరగతిలో నొక బాలుడుండెను. తలిదండ్రులు వేరుపడి యుండిరి. బడిదినములు తల్లియింటను, శుక్రవారము సాయంకాలమునుండి సోమవారము ఉదయమువరకు తండ్రియింటను ఉండవలెనని మధ్యంతరాజ్ఞ. వానికి రెండు సంచులుండెడివి. కావలసిన పుస్తకము రెండవసంచిలో నుండెడిది. “మీ యిల్లెక్కడరా” అని యొకనాడడుగగా, “ఏ రోజున, మాస్టారూ?” అనెను. మేము నవ్వితిమి. వాడు నవ్వలేదు.

ఒకనాడు తల్లి వచ్చి, తనయొద్ద నున్న దినములలో పిల్లవాడు పాఠములు చక్కగా చేసికొని వచ్చుచున్నాడని యొక కాగితము వ్రాసి యిమ్మని కోరెను. మే మెరిగినంతలో నది నిజమే. నిజమును వ్రాసి యిచ్చుటలో దోషమేమని వ్రాసి యిచ్చితిమి. నెల తిరుగకముందే తండ్రి వచ్చెను; ఆయన చేత మా కాగితపు నకలుండెను. అది కోర్టులో దాఖలైనదట. ఆయన కోపపడలేదు. “సోమవారంనాడు వాడు మీకు చూపించే లెక్కలు మా ఇంట్లో చేసినవేనండీ” అని మాత్రమనెను. మే మది యాలోచింపనే లేదు. ఆ వారమంతయు మెచ్చుకొన్న సోమవారపు లెక్కలు తండ్రియింటివి. మా కాగితమో వానిని తల్లి ఖాతాలో వ్రాసినది. మాటమాటయు నిజమై, మొత్తము అబద్ధమైన పత్రమట్లు మా చేతిమీదుగా న్యాయస్థానమునకు చేరినది. అటుపిమ్మట బాలుడు మాతో మాటలాడుట మానెను. ఏమడిగినను తెలియదనుటయే. చురుకైన పిల్లవాడు మొద్దుబారినాడని మేము నుపాధ్యాయుల గదిలో ననుకొంటిమి. మెయిసీ మౌనమును మరల చదివిననాడు గాని అది మొద్దుతనము గాదని మాకు తోచలేదు. తాను పలికినదెల్ల కాగితమగునని వాడెరిగియుండెను. వాడెరిగినది మే మెరుగమైతిమి.

నవల నడచినకొలది కథ తలక్రిందగును. తలిదండ్రులిరువురును వేర్వేరు వివాహములు చేసికొందురు. మొదట “నాకు కావలె” నని పోరాడినవారు ఇప్పుడు “నీవే యుంచుకొను” మని పోరాడుదురు. వంతు ముగిసినను కొనిపోవ రారు. బిడ్డను ప్రేమించుటచేత గాక, ఎదుటివానిని బాధించుటకు కోరినవారు గనుక, బాధించుటకు వేరు సాధనము దొరకగనే బిడ్డ బరువయ్యెను. అందొక ఘట్టము కలదు: తండ్రి మెయిసీని చేరదీసి, తాను అమెరికా పోవుచున్నాననియు, రావలెనన్న తీసికొనిపోవుదుననియు చెప్పును. కాని తాను రానని బిడ్డయే చెప్పవలెనని ఆయన లోకోరిక. అట్లు చెప్పెనా, విడిచినది తాను కాదు, బిడ్డయే. మెయిసీ ఆ కోరికను కనిపెట్టును. తండ్రికి గౌరవముగా తప్పించుకొనుట కేమి కావలెనో దానిని ఇచ్చివేయవలెనని యామె తాపత్రయపడును. మాకు తెలిసినంతలో నింతటి క్రూరమైన ఘట్టమును ఇంత మెల్లగా చెప్పిన రచయితలు అరుదు.

1955 నాటి చట్టములోని ‘బిడ్డల యిష్టము’ అను మాటను ఈ ఘట్టమునొద్ద నుంచి చదువవలెను. బిడ్డ నడుగుట న్యాయమే. కాని అడుగుట వేరు, ఎన్నుకొనుమనుట వేరు. ‘నీ కేది కష్టముగా నున్నది, ఎచ్చట నిద్రపట్టును, ఎవరు చదివింతురు’ అని యడిగిన బిడ్డ తన మాట చెప్పును. ‘అమ్మ కావలెనా, నాన్న కావలెనా’ అని యడిగిన, అడిగించినవారి మాటయే చెప్పును. లేదా మెయిసీవలె ఎవరి పరువు నెట్లు కాపాడవలెనో యాలోచించి చెప్పును. జడ్జి తన గదిలోనికి బిడ్డను పిలిచి మాటలాడు ఆచారము మంచిదే. ఆ గదికి వచ్చుదారిలో కారులో నేర్పబడిన పాఠమును వేరుచేసి వినగలిగిననే ఆ యాచారమునకు ఫలము.

గ్రంథమునందు దోషములు లేవా? ఉన్నవి; దాచుట విమర్శ కాదు. మొదటిది, శైలి. జేమ్సు వాక్యములు కొన్ని అడవిదారులవంటివి. దారితప్పక చదువుటకు మాకు రెండుమార్లు పట్టినది. రెండవది, మొదటి పుటలు దాటిన వెనుక న్యాయస్థానము కథలో కనబడదు. తాను చేసిన యేర్పాటు ఎట్లు నడచుచున్నదని యడుగువాడే లేడు. ఇది గ్రంథకర్త మరపో, ఆనాటి న్యాయపద్ధతిపై ఆయన మౌనవిమర్శయో చెప్పజాలము. కాని ఆ లోపమువలన దోషమంతయు ఇద్దరు దుర్మార్గులదైనట్లు తోచును. ఆజ్ఞ యిచ్చి పిదప వెనుదిరిగి చూడని పద్ధతియందు గూడ దోష మున్నదని చదువరి తానే యూహింపవలెను.

మూడవది ముఖ్యమైనది. ఈ నవలలో తల్లియు తండ్రియు సరిసమానముగా నికృష్టులు. ఇట్టి త్రాసు కథకు సొంపుగా నుండవచ్చును గాని లోకమున నన్నిచోట్ల నట్లుండదు. దెబ్బలు తాళలేక బిడ్డను చంకనిడుకొని వచ్చిన తల్లినిచూచి, “మీరిద్దరును ఒకటే” యనుట న్యాయము కాదు. అట్టివారికొరకే 2005లో గృహహింస చట్టము వచ్చినది. నివాసము, భరణము, బిడ్డల తాత్కాలిక సంరక్షణ యను మూటిని ఒక మేజిస్ట్రేటే ఈయగలడు. అట్టి తల్లికి మధ్యంతరాజ్ఞ నడిమిబల్ల గాదు, ప్రాణరక్షణ. అట్లే, నిజముగా బిడ్డపై ప్రాణము పెట్టుకొనియు, తేదీ వెనుక తేదీ వాయిదా పడుటచే బిడ్డ ముఖము మరచునేమోయని క్రుంగు తండ్రులను మేమెరుగుదుము. జేమ్సు పాత్రలలో నీ దుఃఖము లేదు. కారొలైను నార్టను జీవితములో నున్న శోకము, ఆమె తరువాత రెండుతరములకు పుట్టిన ఐడా పాత్రలో నొక చుక్కయైనను లేదు. మరియు జేమ్సు లోకమున ధనమునకు కొదవలేదు. మన కోర్టులలో మనోవర్తి యనగా పెక్కుమందికి బియ్యము, అద్దె, బడిజీతము. ఆ యాకలి యీ నవలకు తెలియదు.

ఈ నవల వెలువడిన 1897లోనే మన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ మొదటికూర్పు అచ్చుపడినది. ఒకరి నొకరెరుగని యీ ఇరువురును ఒకే యేట ఒకే ప్రశ్నను చేపట్టిరి. వ్యాజ్యముల పిచ్చిగల అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు వెలకు ఇచ్చుటకు సిద్ధపడును. అచ్చట బిడ్డకు వెల బహిరంగముగా కట్టబడును; మెయిసీకి చాటున కట్టబడినది. మనవారు ఆ శుల్కమును అసహ్యించుకొని మానిరి. సంస్కారము గెలిచినదని మనము సంతోషించితిమి. కాని బిడ్డను ధనముతో తూచు త్రాసు సంతనుండి తొలగి కోర్టువసారాకు చేరియున్నచో, ఆ గెలుపు సగమే.

భవభూతి ‘ఉత్తరరామచరితము’న సంతానమును దంపతుల హృదయములను కలిపికట్టు ముడిగా భావించెను. ఆ నాటకము గూడ విడిపోయిన తలిదండ్రులదియు, తండ్రి నెరుగక పెరిగిన బిడ్డలదియునే. ముడియొక్క స్వభావము చిత్రమైనది. రెండుకొనలను పట్టి లాగినకొలది అది విడదు, బిగియును. త్రాడు తెగినను ముడి మాత్రము ముడిగానే మిగులును. విడాకుల డిక్రీ త్రాడును కోయగలదు. ముడిని వ్రేళ్ళతో, ఓపికతో, కొనలను వదులుచేసియే విప్పవలెను.

కావున మాకు తోచిన మాటలు కొన్ని కలవు. బిడ్డకు సంబంధించిన మధ్యంతరాజ్ఞను చిన్నదని వాయిదా వేయక, తుదితీర్పంత శ్రద్ధతో మొదటనే విచారింపవలెను. ఏలయన, ఏండ్లు గడచిన పిదప “బిడ్డ యిచ్చట నలవాటుపడినది, కదల్పరాదు” అను న్యాయము బలపడి, మధ్యకాలపు ఏర్పాటే తుదియేర్పాటగును. ఆజ్ఞ యిచ్చిన కోర్టు, అది బిడ్డకెట్లు సరిపడినదో గడువుపెట్టి తిరిగి చూడవలెను. చూచుహక్కును సొమ్ముతోను, సొమ్మును చూచుహక్కుతోను ముడిపెట్టు బేరమును వకీళ్ళు మొదటిదినముననే నిరాకరింపవలెను. ఉభయుల సంరక్షణను గూర్చి 2015లో లా కమీషను తన 257వ నివేదికలో సూచనలు చేసినది, అవి చదువదగినవి. కాని ఉభయసంరక్షణ మనగా బిడ్డను దినములుగా పంచుట కాదనియు, బాధ్యతను పంచుకొనుట యనియు మెయిసీ కథ మనకు జ్ఞాపకము చేయుచుండవలెను. మావంటి యుపాధ్యాయులు ఒకరి పక్షమున కాగితము లీయరాదు. న్యాయస్థానమే యడిగిన, తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదనవలెను. మేము చేసిన పొరపాటు మరియొకరు చేయకుండుటకే దీనిని వ్రాసితిమి.

నవల చివర, ఫ్రాన్సు తీరమున బులోను పట్టణమున, మారుతండ్రియగు సర్ క్లాడు మెయిసీని ఎన్నుకొనుమనును: పేద పంతులమ్మయగు మిసెస్ విక్సును విడిచి, తనతోను మారుతల్లితోను ఉండవలెనని. మెయిసీ అందుకు ప్రతిగా నొకమాట యడుగును: మీ రామెను విడుతురా, అయిన నేనీమెను విడుతును. పెద్దవా డది చేయలేకపోవును. బిడ్డ పంతులమ్మ చేయిపట్టుకొని యోడ యెక్కును. ఆ యోడ యింకను నడిసముద్రముననే యుండగా జేమ్సు కథను ముగించెను. తీరము చేరినదో లేదో చెప్పలేదు.

అట్టి బిడ్డలు మన బంధువుల యిండ్లలో నున్నారు. సెలవులకు మన యింటికి వత్తురు. వచ్చినపుడు, “మీ అమ్మ ఏమంటున్నది, మీ నాన్న ఏమిచ్చినాడు” అని యడుగకుడు. అన్నము పెట్టి, తోడిపిల్లలతో నాడుకొననిండు. ఆ పూటయైనను వారిని ఎవరికిని సాక్షులుగా చేయకుండుట మనచేతిలోని పని.